కొబ్బరినూనె నింద

పోయిన వారం ఇందుమతిని షాపు నేల మీద, అడుగు చెక్క ఊడదీసిన పెట్టె పక్కన కూర్చోబెట్టి వదిలేశాం. ఆమె చేతిలో పాత చీర పేలిక ఉంది. పేలికలో మూడు ఇత్తడి గుండ్లు, నాలుగు మరలు, ఒక నల్లటి గ్రామఫోను ప్లేటు ఉన్నాయి. ప్లేటు మధ్యలో అంటించిన కాగితం మీద సిరాతో "నీలమ్మ, ఫిబ్రవరి 1954" అని రాసి ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ నీలమ్మ 1950లోనే మశూచి సోకి పోయిందని ఆమె కూతురు సువర్ణమ్మ చెప్పింది. పోయిన మనిషి నాలుగేళ్ల తర్వాత వచ్చి ప్లేటుకి గొంతు ఇవ్వదు కదా.

సంగతి మధ్యలో అందుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. ఇందుమతికి పలాస కాశీబుగ్గలో పాలిష్ షాపుంది. తండ్రి వడ్రంగం, గడియారాల మరమ్మతు రెండూ చేసేవాడు. రెండు పనులూ ఆమె చేతికి అబ్బాయి. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో బాప్టిస్టు సంఘానికి మిషన్ దొరల కాలం నాటి గ్రామఫోను ఒకటుంది. నడుమెత్తు టేకు పెట్టె, కీ ఇస్తే పాడేది. డెబ్బై ఏళ్లుగా నోరు విప్పలేదు. రేపు ఆదివారం ఆ సంఘానికి నూరేళ్ల పండగ. పండగనాడు పెట్టె పాడి తీరాలని డెబ్బై ఎనిమిదేళ్ల సువర్ణమ్మ పట్టుబట్టింది. సంఘ పెద్ద అయిన తమ్ముడు ప్రభాకరరావు మాస్టారు కంటి ఆపరేషన్‌కి విశాఖ వెళ్లిన అదను చూసి, పెట్టెను ఆటో ఎక్కించి పలాస పంపించేసింది.

ఎందుకంత పంతం అంటే, ఆ పెట్టె గొంతు నొక్కింది తనేనని ఆవిడ నమ్మకం. ఏడేళ్లప్పుడు పెట్టె కీచుమంటోందని గిన్నెడు కొబ్బరినూనె తెచ్చి మోటారులో పోసింది. తలకి, దీపానికి, దెబ్బకి, కూరకి అన్నిటికీ కొబ్బరినూనే వాడే ఉద్దానం పిల్లకి ఇంకేం తోస్తుంది? మర్నాటి నుంచి పెట్టె పాడలేదు. తండ్రి దేవదానం మాస్టారు ఆ పిల్లని ఆరాధన అయ్యేవరకూ సంఘం ముందు మోకాళ్ల మీద నిలబెట్టాడు. ఆ మోకాళ్లు ఇప్పటికీ లేవలేదనే చెప్పాలి.

ఇక ఈ శనివారం పొద్దున. ఇందుమతికి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆకాశం ముసురు పట్టి, గాలిలో తడి దిగబడి, లక్క పాలిష్ రెండో పూత ఆరకుండా తెల్లబారుతోంది. గుడ్డతో ఒత్తుతుంది, గుమ్మంలోకి వస్తుంది, ఆకాశాన్ని నాలుగు తిడుతుంది, మళ్లీ లోపలికి పోతుంది. పక్క వీధిలో జీడిగింజలు కాలుస్తున్న పొగ షాపులోకి వచ్చి కళ్లు మండిస్తోంది. సాయంత్రానికి పెట్టె ఊరు చేరాలి. కానీ ఆమె తిరుగుడు పాలిష్ కోసం కాదు.

మోటారు పని నిన్ననే అయిపోయింది. గోధుమరంగు మైనంలా గడ్డకట్టిన కొబ్బరినూనెని కిరసనాయిలుతో కడిగింది. స్ప్రింగు చుట్టను డబ్బాలోంచి లాగి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టింది. వేగాన్ని అదుపులో ఉంచే మూడు గుండ్లను వాటి చోట్లో బిగించింది. కీ ఇస్తే పళ్లెం చక్కగా తిరుగుతోంది. అంతా బాగుంది, ఒక్కటి తప్ప. విప్పినప్పుడు స్ప్రింగు చివర కొక్కేనికి లేదు. తెగలేదు, వంగలేదు. ఎవరో వేళ్లతో తప్పించి పక్కన పెట్టినట్టుంది. స్ప్రింగు తనంతట తాను కొక్కెం దిగి రాదు, గుండ్లు తమంతట తాము చీర పేలికలో చుట్టుకోవు.

ప్లేటు మాత్రం ఆమె వేసి చూడలేదు. అది బజారు ప్లేటు కాదు, రేకు మీద మెత్తని పూత పూసి అక్కడికక్కడే రికార్డు చేసింది. ఉక్కు సూది పెడితే ఒక్క తిప్పుకే మాట చెరిగిపోతుంది. ఇలాంటివాటికి ముల్లు పెట్టాలని తండ్రి చెప్పేవాడు. అందుకని ఈత ముల్లు ఒకటి కోసుకొచ్చి, చెక్కి, సిద్ధంగా ఉంచింది. అయినా వినలేదు. కన్నకూతురు వినకముందు తను వింటే ఆ గొంతు ఎంగిలి చేసినట్టవుతుందని అనిపించింది.

పదిన్నరకి నల్ల కళ్లజోడు పెట్టుకుని ప్రభాకరరావు మాస్టారు గుమ్మంలోకి వచ్చాడు. ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన గొంతు, ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు.

"వందనాలు మాస్టారూ. కళ్లు ఎలగున్నాయి?" అంది ఇందుమతి, స్టూలు జరుపుతూ.

"కళ్ల సంగతి తరువాత చూద్దాం. పెట్టె ఎంతవరకు వచ్చింది?"

"పాలిష్ ఆరాల. మోటారు తిరుగుతంది."

ఆయన స్టూలు మీద కూర్చోలేదు. "మోటారు ఎవరు చెయ్యమన్నారమ్మా? మా అక్కకి చాదస్తం. పైన నిగనిగలాడేలా చేసి ఇచ్చేయి, చాలు. రేపు పూలదండ వేసి ఒక పక్కన పెడతాం. లోపలి మరల జోలికి పోవద్దు. అడుగు భాగం అసలే ముట్టుకోవద్దు, అది గుల్లబారిపోయింది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటారే, అది ఇందుమతి కళ్లారా చూసింది. అడుగు భాగం మాట ఆమె ఎత్తనేలేదు.

"మాస్టారూ, ఈ పెట్టెకి జీడినూనె పూసిందెవరు?"

"నేనే పూయించాను. చెదలు పట్టకుండా."

"సెదలకైతే సుట్టూ పూస్తారు. మీరు సుట్టూ ఒక పూత ఏసి, అడుగున నాలుగేసినారు." ఆమె అరచేతులు చాపి చూపించింది. ఆ పూతని వేడిచేసి గీకినప్పుడు లేచిన బొబ్బలు ఇంకా మానలేదు. "జీడినూనె కాలుస్తాదని ఈ పలాసలో సంటిబిడ్డకీ తెలుసు. ఎవురూ సెయ్యెట్టకుండా పూసినారు, అవునా?"

ఇందుమతి బల్ల మీది న్యూస్‌పేపరు తీసింది. కింద ప్లేటు ఉంది.

ఆయన దాన్ని చదవలేకపోయాడు, ఆపరేషనైన కళ్లకి చూపు ఇంకా కుదురుకోలేదు. కానీ అదేమిటో చూడగానే తెలిసిపోయింది. స్టూలు కోసం చేత్తో తడుముకుని కూర్చున్నాడు. పాఠం చెప్పే గొంతు పోయి ఊరి గొంతు వచ్చింది.

"మా నాన్న పోయే ముందర నన్నొక్కణ్ణే పిలిసినాడమ్మా. నీలమ్మ మశూచితో పోనేదు. ఆవిడికి పెద్దరోగం, కుష్టు. ఒరిస్సా పక్క మిషనోళ్ల ఆసుపత్రిలో ఎట్టినారు. ఊళ్లో మట్టుకు సచ్చిపోనాదని సెప్పీసి, రెండేళ్లు పోయినాక మా అమ్మని సేసుకున్నాడు. ఆసుపత్రిలో దొరసానికి రెండో పెళ్లి సంగతి తెల్దు. ఆవిడ నీలమ్మ మాట ప్లేటెక్కించి, 'వచ్చే ఆదివారం మీ సంఘానికొచ్చి పిల్లకి వినిపిస్తాను' అని నాన్న సేతికిచ్చింది. వినిపిస్తే ఏటవుతాది? బతికున్న పెళ్లాం ఉండగా ఇంకో మనువాడినాడని సంఘం ఎలేస్తాది."

"అందుకని మోటారు విప్పీసినారు."

"పెట్టె పాడైపోనాదని సెప్పి దొరసానిని రాకుండా ఆపినాడు. ప్లేటు విరగ్గొట్టడానికి మట్టుకు ఆయనకి మనసొప్పనేదు. దాసినాడు. నా సేత బైబిలు మీద ఒట్టేయించుకున్నాడు, పెట్టె అడుగు తెరవనని, తెరవనివ్వనని." ఆయన చేతి గొడుగును అటూ ఇటూ తిప్పుతున్నాడు. "రేపు పండగలో మా నాన్న పటం కడతన్నారు. నా సేతనే తెర లాగిస్తారు. ఈ సంగతి బయటపడితే ఆయన మాట సరే, మా అమ్మ ఏటవుతాది? దొంగపెళ్లాం. మరి నాను? ఈ వయసులో నన్ను ఎవురి కొడుకంటారు? ఆ సెక్క మళ్లీ బిగించీ తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటాను."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరికే అనలేదు పెద్దలు. ఇందుమతికి జాలేసింది, వెంటనే ఒళ్లు మండింది. ఈయన పరువు కోసం అక్కడ ఒక ముసలావిడ డెబ్బై ఏళ్లుగా చెయ్యని తప్పు మోస్తోంది. చెక్క బిగించేస్తే ఆ తప్పు ఆవిడతోనే మట్టిలోకి పోతుంది. చెప్పేస్తే ఈ పెద్దమనిషి రేపు తలెత్తుకోలేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె గుమ్మం దాకా వెళ్లి, ఏమీ తోచక వెనక్కి వచ్చి, ఆరిందో లేదో పెట్టె మీద వేలు పెట్టి చూసింది. ఆరలేదు.

అంతలో ఆటో ఆగింది. వారానికి మూడుసార్లు పలాస ఆసుపత్రిలో చేయించుకునే డయాలసిస్ అయిపోయి సువర్ణమ్మ దిగుతోంది. ఇవాళ తొందరగా వదిలినట్టున్నారు. మాస్టారు గబుక్కున పేపరు లాగి ప్లేటు మీద కప్పేశాడు.

"ఒరే ప్రభాకరం! నువ్వెప్పుడొచ్చీసినావు? నన్ను తిట్టడానికా?" సువర్ణమ్మ నవ్వబోయి ఆయాసపడింది. మోచేతి దగ్గర దూది పట్టీ, ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఇందుమతి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "గుంటా, పాడతాదా?"

"పాడతాది మామ్మా. మోటారు బాగయింది."

ఆవిడ కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. ప్రార్థన చేసుకుంది కాబోలు. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "రేపు నాను సాక్ష్యం సెప్పాల్రా. పాస్టరు గారితో సెప్పీసినాను, ముందు వరస నాదే. సంఘం సొత్తు నాను పాడుచేసినాను, దేవుని ముందర, మనుసుల ముందర ఒప్పుకుంటన్నాను, నా సేతులతోనే బాగు సేయించినాను అని లేసి సెప్తాను. సెప్పీసి పోతే సుఖంగా పోతాను. నాన్న పటం ముందరే సెప్తాను. ఆయన వింటాడు."

మాస్టారు తల దించుకున్నాడు.

ఇందుమతి ఇంక ఆగలేకపోయింది. ముసలితనాన, నెత్తురు శుద్ధి చేయించుకుంటూ బతికే మనిషి, సంఘం మధ్య లేచి చెయ్యని తప్పు ఒప్పుకుంటుందా? ఆ తప్పు మోపినవాడి పటం ముందరే!

"మామ్మా, ఒక మాట అడుగుతాను, బాగా గుర్తు తెచ్చుకుని సెప్పండి. నూనె పోసిన మర్నాడు కీ తిప్పితే ఎలగుండీది? బిగుసుకుపోనాదా, వట్టినే తిరిగిందా?"

"వట్టినే తిరిగింది. గిర్రున తిరిగీసింది, దేనికీ పట్టకుండా. నా సేత్తో తిప్పినాను, నాకు ఎందుకు గుర్తుండదు?"

"ఇందుమతీ," అన్నాడు మాస్టారు, బతిమాలుతూ.

ఆమె ఆయన వైపు చూడలేదు. "కొబ్బరినూనె గడ్డకడితే మోటారు బిగుసుకుపోద్ది మామ్మా. కీ తిప్పలేరు. వట్టిగా తిరిగిందంటే స్ప్రింగుని ఎవరో కొక్కెం నుంచి తీసీసినారు. గుండ్లు కూడా విప్పీసినారు. అవి అడుగు చెక్క కింద దొరికినాయి. మీ నూనె ఎంత పాడు చేసిందో నాను కడిగి సూసినాను. ఒక పూట పని. అంతే. పెట్టె ఆగిపోనాది మీ వల్ల కాదు."

సువర్ణమ్మ కుర్చీలో ముందుకి వంగింది.

"నాను కాదా?" అంది.

"కాదు."

"నాను కాదా, గుంటా?"

"మీరు కాదు మామ్మా."

ఆవిడ మూడోసారి అడగలేదు. చీర మీంచే రెండు మోకాళ్లనీ అరచేతులతో పట్టుకుని కూర్చుంది. సంతోషం రావాలి కదా. రాలేదు. కోపం వచ్చింది. అంత బక్క ఒంట్లో అంత కోపం ఎక్కడ దాగి ఉందో! "బడికెళ్లడం మానీసినాను. పెట్టె పాడుచేసిన గుంట అని పిల్లలు ఏడిపిస్తే మానీసినాను. ఎవుర్రా తీసినారు? సెప్పు ప్రభాకరం. నీ మొకం సూత్తే తెలుత్తాంది, నీకు తెలుసు."

"నాన్న," అన్నాడు మాస్టారు.

ఆ ఒక్క మాట అన్నాక మిగతాది ఆపలేకపోయాడు. పేపరు తనే తీశాడు. ఇందుమతికి చెప్పిందంతా, కన్నీళ్లు తుడుచుకుంటూ, అప్పా అప్పా అని అక్కని పిలుస్తూ చెప్పాడు. తల్లి మాట వచ్చేసరికి సువర్ణమ్మ చెయ్యెత్తి ఆపింది. ఇందుమతిని పిలిచి ప్లేటు మీద ఏం రాసుందో చదవమంది. ఇందుమతి చదివింది.

"యాభై నాలుగా? అప్పటికి నాకు ఏడేళ్లు." ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "మశూచితో పోనాదన్నప్పుడు మూడేళ్లు. నాలుగేళ్లు మా అమ్మ బతికే ఉన్నాది, నాను అడగనేదు. ఎవుర్నీ అడగనేదు." తర్వాత గట్టిగా అంది, "ఎయ్యి."

"అప్పా, ఒద్దు. నా మాట విను. పండగ అయిపోనీ."

"మామ్మా, ఇది మెత్తని ప్లేటు," అంది ఇందుమతి. "ఏసిన పెతీ సారీ కొంచెం అరిగిపోద్ది. విశాఖలో మెషీన్ల మీద కాపీ తీసేవాళ్లుంటారు. నాను తీసుకెళ్తాను, ఒక వారం ఆగండి."

"మంగళవారం మళ్లీ ఆ మంచమెక్కడానికి నానుంటానో లేదో ఆ దేవుడికే తెలుసు. మా అమ్మ గొంతు నాకు గుర్తే నేదు. ఇవాళ ఇంటాను. ఎయ్యి."

ఇందుమతి ఇంక ఎదురు చెప్పలేదు. షట్టరు సగం దించి రోడ్డు చప్పుడు తగ్గించింది. ఫోన్లో రికార్డింగు పెట్టి పెట్టె మూత పక్కన నిలబెట్టింది, ఒక్కసారికే అరిగిపోయినా ఎంతో కొంత మిగులుతుందని. ఈత ముల్లు బిగించింది. కీ ఇచ్చింది, ఇరవై చుట్లు, చేతికి స్ప్రింగు బిగువు తెలిసేదాకా. మాస్టారు లేచి వచ్చి పెట్టె పక్కన నిలబడ్డాడు. ఆయన చెయ్యి బ్రేకు మీద ఉంది. ఆపుతాడేమోనని ఇందుమతి ఆ చేతినే చూస్తూ ముల్లు దించింది.

ముందు గరగర. చాలాసేపు గరగరే. తర్వాత ఎవరో దగ్గారు. దూరం నుంచి దొరసాని గొంతు, "మాట్లాడు నీలమ్మా, భయం లేదు," అంది.

"సువర్ణా." ఒక పడుచు గొంతు. "నాను, అమ్మని."

సువర్ణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ల కూతురి ముందు ఆ తల్లికి పాతికేళ్లు కూడా ఉండవు.

"నాను సచ్చిపోనేదు గుంటా. సేతుల మీద మచ్చలొచ్చినాయి. నిన్ను ఎత్తుకుంటే నీకూ వస్తాదని భయమేసి, నానే ఎల్లిపోతానన్నాను. నాన్నని ఏటీ అనకు, నెలనెలా వచ్చి నన్ను సూసి ఎల్తన్నాడు. నువ్వు అన్నం తింటన్నావా? జడ ఎవురు ఏత్తన్నారు?"

గరగర పెరిగి మాట మునిగిపోయింది, మళ్లీ తేలింది. మాస్టారి వేళ్లు బ్రేకు మీద బిగుసుకున్నాయి.

"నీకో మంచి మాట సెప్తాను. నీకు తమ్ముడు పుట్టినాడు. క్రిస్మస్ పండగ ముందర, ఈ ఆసుపత్రిలోనే. నా రోగం అంటుతాదని పుట్టిన పూటే దొరసానమ్మ ఆణ్ణి తీసీసినాది. ఒక్కసారైనా పాలు పట్టనివ్వనేదు. మీ పిన్ని ఒచ్చి పట్టుకెళ్లినాది. ఆవిడికి పిల్లల్లేరు కదా, బంగారంలాగ సూత్తానని నాకు మాటిచ్చినాది. పేరు మట్టుకు నానే ఎట్టినాను. ప్రభాకరం."

బ్రేకు మీది చెయ్యి జారి పక్కకి వేలాడింది.

క్రిస్మస్‌కి పుట్టాడని ఇంట్లో ఏటా కొత్త చొక్కా కుట్టించిన మాట నిజమే. నాన్న రెండో పెళ్లి చేసుకున్న పిన్ని పుట్టింటికి ఇచ్ఛాపురం వెళ్లి చంటిబిడ్డతో తిరిగొచ్చిన మాటా నిజమే. సువర్ణమ్మ తమ్ముడి ముఖంలోకి చూసింది. డెబ్బై రెండేళ్ల మనిషి నల్ల కళ్లజోడు తీసేశాడు. తియ్యకూడదని డాక్టరు చెప్పినా తీశాడు, కళ్లు ధారగా కారుతున్నాయి. ఎవరి ఉనికి బయటపడకూడదని ఇన్నేళ్లు జీడినూనె పూయించాడో, ఎవరి గొంతు బయటికి రానివ్వనని బైబిలు మీద ఒట్టేశాడో, ఆవిడ తనని కన్నతల్లి.

"ఆడికి నడకొచ్చినాక," అంటోంది పెట్టె, "నువ్వు సెయ్యట్టుకుని ఒక్కపాలి నా కాడికి తీసుకురా. దూరం నుంచే సూత్తాను, ముట్టుకోను. నన్ను ఇక్కడినుంచి మార్చీత్తారంట. ఎక్కడికంటే..."

ముల్లు ప్లేటు మధ్యకి వచ్చేసింది. మాట ఆగిపోయి గరగర మిగిలింది. ఇందుమతి ముల్లు పైకెత్తింది. చూస్తే కొన మొద్దుబారి, నల్లటి పొడి అంటుకుని ఉంది. ఆ పొడి ఎక్కడిదో ఆమెకి తెలుసు. ప్లేటు తిప్పింది. వెనక వైపు కూడా గీతలున్నాయి, ఆ వైపు అంచు నుంచి మధ్య దాకా సన్నగా పగులు పాకి ఉంది. ముల్లు ఆ పగులు దాటుతుందో, అక్కడే పూత పెచ్చులూడిపోతుందో ఆమెకీ తెలియదు.

"మామ్మా, ఈ పక్క ఇప్పుడెయ్యడం..."

జవాబు పక్కనుంచి వచ్చింది. ప్రభాకరరావు మాస్టారు నేల మీద, అక్క కాళ్ల దగ్గర కూలబడి ఉన్నాడు. రెండు చేతులూ పైకి చాచి పెట్టె కీ పట్టుకుని తనే తిప్పుతున్నాడు.

"రెండో పక్క ఎయ్యి తల్లీ," అన్నాడు. "అమ్మ ఇంకా మాటాడతంది."